మాత్ర యనగా కొలత

మాత్ర యను మాట మన భాషలో రెండు తావుల వినబడును. ఛందస్సు చదివినవారికి మాత్ర యనగా కాలపు కొలత: లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. వైద్యుని యింటికి పోయి వచ్చినవారికి మాత్ర యనగా మందుబిళ్ళ. ఈ రెండును వేరు మాటలు కావు. సంస్కృతమున మాత్ర యనగా పరిమాణము. ఇంత యని చెప్పదగినది. మందుబిళ్ళకు ఆ పేరు పెట్టిన పెద్దలు ఆ పేరులోనే ఒక హెచ్చరికను ఇమిడ్చిరి. మాత్ర యొకటి తగ్గినను, హెచ్చినను గణము చెడును. మందు విషయమునను అంతే. మొదటి సంగతిని 30 సంవత్సరములకు పైగా బడిపిల్లలకు చెప్పితిని. రెండవ సంగతి నేను నేర్చుకొనుటకు ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఒక జ్వరము రావలసివచ్చెను. ఆ జ్వరమునకు వాడిన మందు చరిత్రను, దానిని వాడవలసిన కొలతను గూర్చి నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని.

అవి రాజమహేంద్రవరమున వానకాలపు దినములు. గోదావరి ఎఱ్ఱనీరు గట్టు నంటి పారుచుండెను. నాకు జ్వరము వచ్చి వారమైనను విడువలేదు. నా పూర్వశిష్యుడే యైన వైద్యుడు రక్తము పరీక్ష చేయించి టైఫాయిడని తేల్చెను. సెఫిక్సీమ్ అను మాత్రలను ఉదయ మొకటి, రాత్రి యొకటి చొప్పున 14 దినములకు వ్రాసియిచ్చెను. నాలుగు దినములు మార్పేమియు లేదు. అయిదవనాడు జ్వరము దిగెను. ఆరవనాడు ఆకలి పుట్టెను, చారన్నము రుచించెను. ఏడవనాడు, జ్వరము పోయిన పిమ్మట మందేల, ఒంటికి వేడి చేయును గదా యని మానివేసితిని. మిగిలిన 16 మాత్రలను పాత బిస్కత్తుల డబ్బాలో దాచితిని.

అంతటితో నిలిచినను బాగుండెడిది. కొన్నాళ్ళకు ప్రక్కయింటి కాలేజీ కుఱ్ఱవానికి జలుబు, గొంతునొప్పి వచ్చెను. వాని తల్లి వచ్చి, "మాస్టారుగారూ, మీ దగ్గర మంచి మందేదో మిగిలి ఉందటగా?" అని యడిగినది. నేను పెద్దరికము చూపి ఆరు మాత్రలు లెక్కపెట్టి యిచ్చితిని. రెండవ మాత్ర మ్రింగిన గంటలోపుననే కుఱ్ఱవానికి ఒడలంతయు దద్దురులు లేచి, పెదవులు వాచెను. ఆ రాత్రి ఆసుపత్రిలో సూదిమందు వేసి వానిని కాపాడిరి. చిన్ననాడు వానికి పెన్సిలిన్ పడలేదని తల్లికి తెలియును. నాకు తెలియదు, నేను అడుగలేదు. ఆ వారమే నా జ్వరమును తిరిగి వచ్చెను.

వైద్యుడు కోపింపలేదు. "మాస్టారూ, నాలుగు పాదాల పద్యంలో రెండు పాదాలు చదివి కూర్చున్నవాడికి మీరు మార్కులు వేసేవారా?" అని మాత్రమే అనెను. మందు సాంతము వాడినను ఈ జ్వరము ఒక్కొక్కప్పుడు తిరుగబెట్టుననియు, నడుమ మానినచో ఆ అవకాశము హెచ్చుననియు విడమరచి చెప్పెను. నాకు తల వంగిపోయినది. ఆ సిగ్గుతోనే ఆ మందు పుట్టుపూర్వోత్తరములు చదువ నారంభించితిని. చదివినకొలది, అది మందు కథ కంటె నీటి కథ యని తోచినది. డెల్టాలో పుట్టినవానికి నీటి కథ పరాయిది కాదు గదా.

మధ్యధరా సముద్రమున ఇటలీ దేశమునకు చెందిన సార్డీనియా యను పెద్ద దీవి కలదు. దాని ముఖ్యపట్టణము కాలియారి. అచ్చటి విశ్వవిద్యాలయమున జుసెప్పే బ్రోట్సు అను నాతడు ఆరోగ్యశాస్త్రమునకు ఆచార్యుడు. అది 1945వ సంవత్సరము. యుద్ధము ముగిసిన యేడు. పట్టణమున టైఫాయిడు కలదు. పట్టణపు మురుగునీరు సు సిక్కు అను తావున సముద్రమున కలియుచుండెను. ఆ నీటనే యువకులు జంకులేక ఈదులాడుచుండిరి. ఐనను వారికి రోగము రావలసినంతగా రాకుండుట ఆచార్యుని దృష్టి కెక్కెను. మురుగులో రోగక్రిము లుండక తప్పదు. అవి ఆ నీట నశించుచున్న వన్నచో, వానిని నశింపజేయునది మఱియొకటి ఆ నీటనే యుండవలెనని ఆతడు తర్కించెను. పొగను చూచి నిప్పు నూహించుటను మన తార్కికులు అనుమానప్రమాణ మందురు. దానికి ఇంతకంటె చక్కని ఉదాహరణమును నేను శాస్త్రగ్రంథములలో చదువలేదు.

ఆ నీటిని పట్టి తెచ్చి ప్రయోగశాలలో పెంచి చూడగా అందొక బూజు కనబడెను. దాని నానాడు సెఫలోస్పోరియం అని పిలిచిరి. మన మందులకు సెఫలోస్పోరినులను పేరు దానినుండియే వచ్చినది. ఆ బూజునుండి ఊరిన రసము టైఫాయిడు క్రిమిని చంపుచుండెను. ఆచార్యుడు దానిని కురుపులమీదను, జ్వరరోగులమీదను ప్రయోగించి కొంత గుణము కనెను. కాని, ఆ రసమును శుద్ధిచేసి మందుగా దింపుటకు తగిన సాధనములును, ధనమును అచ్చట లేవు. 1948లో తాను కనుగొన్న దంతయు తన శాఖ ప్రచురించు చిన్న పత్రికలో అచ్చువేయించెను. అంతకుముందు సార్డీనియాలో పనిచేసిన యొక ఆంగ్ల వైద్యుని మూలమున ఆ వార్త ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డులోని హోవర్డ్ ఫ్లోరీ చెవిని పడెను. బ్రోట్సు తన బూజును ఆక్స్‌ఫర్డునకు పంపివేసెను. ఇది నాది యని పెట్టెలో దాచుకొనలేదు. నా బిస్కత్తుల డబ్బా ఇచ్చట నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ 1948వ సంవత్సరము మనకును జ్ఞాపక ముంచుకొనదగినది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి; బాల్యమున రాజమహేంద్రవరమున చదివిరి; తోబుట్టువు లిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియగుట చూచిరి; మదరాసున వైద్యవిద్య ముగించి అమెరికా చేరిరి. ఆనాటికి వారు లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు అధ్యక్షులు. వారి ఆధ్వర్యవమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు నేలమట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు ఆ యేడే లోకమునకు వెల్లడి యయ్యెను. అది సెఫలోస్పోరిను జాతిది కాదు; టెట్రాసైక్లిను జాతికి ఆద్యము. ఆ యేడే ఆగస్టు మాసమున సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఒకచోట మురుగునీరు, ఒకచోట మట్టి: మనుష్యుడు కాలితో త్రొక్కి పోవు వానినుండి ప్రాణరక్షణము లభించిన కాల మది.

మరల ఆక్స్‌ఫర్డునకు పోదము. ఆ ఊరు అప్పటికే పెన్సిలిన్ మూలమున ప్రసిద్ధి కెక్కినది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూచిన బూజునుండి మందును దింపినవారు ఫ్లోరీ, చైన్, వారి సహచరులు. 1941లో వారు ఆ మందును మొదట ప్రయోగించిన రోగులలో ఒక పోలీసు కలడు. గాయము ముదిరి చావునకు సిద్ధముగా నున్నవాడు మందు పడగానే తేరుకొనెను. కాని, ఉన్న మందంతయు అయిదు దినములలో అయిపోయెను. రోగి మూత్రమునుండి మందును మరల తీసి వానికే యెక్కించిరి. అదియు చాలలేదు. రోగము తిరుగబెట్టి ఆతడు మరణించెను. మందు లేక చికిత్స నడుమ నిలిచిపోయిన వా డాతడు. డబ్బా నిండ మందుండగా చికిత్సను నడుమ నిలిపివేసిన వాడను నేను.

ఆ ఆక్స్‌ఫర్డు బృందములోనే ఎడ్వర్డ్ ఎబ్రహాం అను రసాయన శాస్త్రజ్ఞుడు కలడు. 1940లో ఆతడును, చైనును ఒక సంగతి వెల్లడించిరి. కొన్ని బాక్టీరియాలు పెన్సిలినును విఱిచివేయు ఒక పదార్థమును తామే తయారుచేసికొనునట. దానికి పెన్సిలినేసు అని పేరు పెట్టిరి. గమనింపుడు: మందు ఇంకను రోగికి చేరకముందే శత్రువు చేతిలోని కత్తి కనబడినది. ఈ ఎబ్రహామే తరువాత గై న్యూటన్ అను సహచరునితో కూడి బ్రోట్సు పంపిన బూజును పరిశోధించెను. ఆ బూజు రసమున ఒకటి కాదు, పలు మందులు కలవు. వానిలో 1953లో బయటపడిన సెఫలోస్పోరిన్ సి అనునది చూచుటకు మిగుల దుర్బలము. కాని, పెన్సిలినును విఱుచు కత్తి దానిని విఱువలేకపోయెను. ఆ యొక్క గుణమును పట్టుకొని వారు సంవత్సరములు శ్రమించిరి. దాని నిర్మాణమును తేల్చిరి. డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్సురే కిరణములతో దానిని 1961లో స్థిరపఱచెను. ఆ మూలపదార్థమునకు కొత్త కొమ్మలు అంటుగట్టగా, 1964లో సెఫలోతిన్ అను మొదటి సూదిమందు వాడుకకు వచ్చెను. తరువాత సెఫలెక్సిన్, సెఫురోక్సీమ్, 1980వ దశకమున సెఫ్ట్రయాక్సోన్, సెఫిక్సీమ్ వెలసినవి. వైద్యులు వీనిని తరములుగా లెక్కింతురు. టైఫాయిడునకు మందు వెదకుచు మురుగునీట దిగిన బ్రోట్సు ఆశ, నలుబది యేండ్లకు మూడవ తరపు మందులతో నెఱవేరినది. నేను డబ్బాలో దాచినది ఆ నలుబది యేండ్ల ఫలమును.

ఈ మందు పనిచేయు తీరు తెలిసినచో దానిని వాడదగిన చోటును తెలియును. బాక్టీరియా తన చుట్టును ఒక గోడ కట్టుకొని బ్రదుకును. ఈ మందు ఆ గోడకట్టుడు పనిని చెఱచును. గోడ పడిపోయి క్రిమి చచ్చును. మన శరీరకణములకు అట్టి గోడ లేదు. కావుననే మందు మనలను చంపక క్రిమినే చంపును. జలుబు, మామూలు దగ్గు, ఫ్లూజ్వరము, డెంగీ మొదలగువానిని కలిగించునవి వైరసులు. వానికిని అట్టి గోడ లేదు. లేని గోడను కూల్చుటకు గునపము పట్టినవాడు ఎవనిని కొట్టును? నే నా కుఱ్ఱవానికి చేసినది అదియే.

క్రిమియు ఊరకుండునది కాదు. 1945 డిసెంబరులో నోబెల్ బహుమానము నందుకొనుచు ఫ్లెమింగ్ చేసిన ఉపన్యాసమున నొక హెచ్చరిక చేసెను: చాలీచాలని మోతాదులతో మందును వాడినచో క్రిములు దానికి అలవాటుపడి మొండివగునని. ఆ మాట ఎంత త్వరగా నిజమయ్యెనో చూడుడు. పెన్సిలినేసునకు లొంగని సెఫలోస్పోరినులు వచ్చినవి; 1983 నాటికి, మూడవ తరపు సెఫలోస్పోరినులను సయితము విఱుచు పదార్థములు గల క్రిములు జర్మనీలో కనబడినవి. 2016 నుండి పాకిస్తానులోని సింధుదేశపు హైదరాబాదున – మన హైదరాబాదు కాదు – సెఫ్ట్రయాక్సోనునకు లొంగని టైఫాయిడు వ్యాపించెను. మందులకు లొంగని బాక్టీరియాలవలన 2019లో లోకమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల గణన.

ఈ నష్టమునకు లెక్క చెప్పవలసినవా రెవ్వరు? దీనికి సమాధానము మన కాలువగట్టుననే కలదు. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టతో కాటన్ దొర ఈ సీమకు కాలువనీరు తెచ్చెను. ఆనాటినుండి మన రైతులకు ఒక ధర్మము తెలియును. కాలువనీరు ఎగువవానిది కాదు, దిగువవానిది కాదు. వంతు ప్రకారము అందఱిది. రాత్రివేళ గండికొట్టి వంతుకాని నీటిని మళ్ళించుకొన్న రైతు, నా చేనికే గదా పెట్టుకొంటినని యనుకొనును. ఎండునది శివారు చేను. ఆ శివారు రైతు ముఖము వీడెన్నడును చూడడు.

సెఫలోస్పోరినుల శక్తియు అట్టి ఉమ్మడినీరే. అక్కఱలేక మ్రింగిన మాత్ర మన కడుపులోని లెక్కలేనన్ని క్రిములమీద పడును. బలహీనములు చచ్చును, మొండివి మిగులును. మిగిలినవి తమ విద్యను ప్రక్క క్రిములకు నేర్పును గూడ. అవి చేతులవెంట, పాత్రలవెంట, మురుగువెంట సాగి, ఒకనాడు ఏ పురిటిగదిలోనో పసిబిడ్డ నంటుకొనును. వైద్యుడు మందు వేయును, అది పనిచేయదు. శివారు చేను ఎండుట యన నిదియే. వ్యక్తులే కాదు, పరిశ్రమలును ఈ గండి కొట్టగలవు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులో, మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను వేఱొక జాతి మందు, చికిత్సలో రోగి రక్తమున ఉండు దానికంటె హెచ్చుగా ఆ నీట ఉన్నదని 2007లో ప్రకటించిరి. మురుగునుండి పుట్టిన మందుల శక్తిని మరల మురుగులోనే పోగొట్టుకొనుచున్నాము.

ఈ గండి పూడ్చుటకు మన దేశమున శాసనము లేకపోలేదు. 2014 మార్చి 1వ తేదీనుండి మూడవ, నాలుగవ తరముల సెఫలోస్పోరినులు హెచ్-1 అను పట్టికలోనికి వచ్చినవి. వైద్యుని చీటీ లేక దుకాణదారు వాని నమ్మరాదు. అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు, మందు పేరు, ఎన్ని యిచ్చినది ప్రత్యేకమైన పుస్తకమున వ్రాసి, మూడేండ్లు భద్రపఱచవలెను. మందు రేకుమీద నిలువుగా గీచిన ఎఱ్ఱగీత కనబడినచో, అది వైద్యుని చీటీ మీదనే కొనదగిన మందని గుర్తు. శాసన మున్నది; పాటించువాడు గావలెను. దుకాణమున నిలిచి, "రెండు మాత్రలివ్వండి, జ్వరం తగ్గితే చాలు" అని యడుగువారము మనము. అడుగువా డున్నంతకాలము ఇచ్చువా డుండును.

ఇక ఈ మందును వాడవలసిన కొలతను గూర్చి, వైద్యుని నోట విని నేను నేర్చుకొన్న నాలుగు మాటలు.

చీటీ వ్రాయుటకు ముందే వైద్యునకు మన పూర్వచరిత్ర చెప్పవలెను. పెన్సిలిన్ గాని, ఈ జాతి మందు గాని ఎన్నడైనను పడకపోయినదా? మూత్రపిండముల వ్యాధి యున్నదా? రక్తము గడ్డకట్టకుండ మందు వాడుచున్నారా? గర్భిణియా, పాలిచ్చు తల్లియా? పెన్సిలిన్ పడనివారిలో పలువురకు సెఫలోస్పోరిను పడును, కొందఱకు పడదు. ఆ నిర్ణయము వైద్యునిది, ప్రక్కయింటి మాస్టారుది కాదు.

వ్రాసిన మోతాదును, వ్రాసిన వేళకు, వ్రాసినన్ని దినములు వాడవలెను. మూడు దినములని వ్రాసినచో మూడు. 14 దినములని వ్రాసినచో 14. హెచ్చు దినములు వాడుట మంచిదను భ్రమయు వలదు. కొన్ని రోగములకు తక్కువ దినములే చాలునని నేటి పరిశోధనలు చెప్పుచున్నవి. నడుమ మానదలచినచో వైద్యుని అడిగియే మానవలెను. కొన్ని మాత్రలు అన్నము తిన్న పిమ్మట వేసికొనవలెను. కొన్నిటికి ఆ నియమము లేదు. దీనిని అడిగి తెలిసికొనవలెను. పిల్లల పొడిమందులో కాచి చల్లార్చిన నీటిని గుర్తువఱకే పోసి, ప్రతిసారియు సీసా కదిపి, దానితో వచ్చిన కొలగిన్నెతోనే పోయవలెను. వంటింటి చెంచాలలో ఏ రెండును ఒక కొలతవి కావు. కలిపిన మందు సీసామీద వ్రాసిన గడువు దాటినచో పనికిరాదు.

మందు వేసికొన్న పిమ్మట దద్దురులు, ముఖము వాపు, ఊపిరి యాడకుండుట కనబడినచో ఒక్క క్షణమును ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. నీళ్ళవిరేచనములు హెచ్చుగా నైనను, రక్తము పడినను వైద్యునకు తెలుపవలెను; మందు మానిన కొన్ని వారములకు సయితము ఇది రావచ్చును. మిగిలిన మాత్రను ఒరునకు ఈయరాదు, మరునాటి జ్వరమునకు దాచరాదు. ఒకని చీటీ మఱియొకనికి చెల్లదు.

వీనికంటె ముందు చేయదగినది మఱియొకటి కలదు. టైఫాయిడు నీటివెంటను, ఆహారమువెంటను వచ్చు రోగము. నీరు కాచి త్రాగుట, చేతులు కడుగుకొనుట, మరుగుదొడ్డి నీరు త్రాగునీట కలియకుండ చూచుకొనుట, వైద్యుడు చెప్పినచో టీకా వేయించుకొనుట – ఇవి చేసినచో ఆ మాత్ర అక్కఱయే తగ్గును. కాలువనీరు మన వరిచేలకు తల్లి. ఆ నీటినే కాచక త్రాగుట తల్లి చేసిన తప్పు కాదు.

రెండవసారి 14 దినములును ఒక్క మాత్ర తప్పక వేసికొంటిని. రేకుమీద ఒక్కొక్క గుంటను ఖాళీచేయునప్పుడు, పంచాంగమున తిథి చూచినట్లు, గోడమీది క్యాలెండరున గీత పెట్టుచుంటిని. ప్రక్కయింటి కుఱ్ఱవాడు కులాసాగా ఉన్నాడు. వానికి పడని మందుల పేర్లను ఒక కాగితముమీద వ్రాసి, తల్లియు వాడును తమ సంచులలో చెరియొకటి పెట్టుకొనిరి. ఆ తల్లి నన్ను క్షమించినది. వీధిలో కనబడినప్పుడు నాకే తల యెత్తి మాటలాడుటకు కొంతకాలము పట్టెను. డబ్బాలో మిగిలియున్న మాత్రలను వైద్యునకు ఒప్పగించి, ఏమి చేయవలెనో ఆయననే చేయుమంటిని. ఆ డబ్బాలో మా యింట నిప్పుడు వక్కపలుకులు పోసికొన్నారు.

మీ యిండ్లలోను అట్టి డబ్బా యొకటి యుండును. ఈ రాత్రి దానిని తెఱచి చూడుడు. ఎఱ్ఱగీత గల రేకు కనబడినచో, ఎవరి జ్వరమునకో కావలసిన నీటిని మీరు కట్టివేసి యుంచితిరని యెంచి, తిరిగి వైద్యునకో, మందుల దుకాణమునకో చూపి వారు చెప్పినట్లు చేయుడు.